వంతెన కింద తలలు: నేను అచ్చు వేసిన ఒక వార్త

ఈ మధ్య పత్రికల్లో చేరదామనుకునే యువకులు వారానికి ఒకరిద్దరు మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటున్నారు. వచ్చినవాళ్ళందరూ ఒకటే అడుగుతారు. శైలి ఎలా పట్టుబడుతుంది, ఏ పుస్తకాలు చదవాలి, పేరు ఎన్నాళ్ళకి వస్తుంది. "ఒక మాట చెవిన పడితే అది నిజమో కాదో తెలుసుకోవడం ఎలాగండి" అని అడిగినవాడు ఇంతవరకూ లేడు. వాళ్ళని తప్పుపట్టను. రాజమండ్రిలో ఒక వారపత్రికలో జీవితంలో సగానికి పైగా గడిపాను. అందులో మొదటి సగం ఆ ప్రశ్న నాకూ తట్టలేదు.

అసలు పని

నా ఉద్యోగం పేరు సహాయ సంపాదకుడు. చేసిన పని ఖాళీలు నింపడం. శనివారం నాటికి నాలుగు పేజీలు నిండాలి. మద్రాసు నుంచి వచ్చే పత్రికలు బల్ల మీద పరుచుకుని, వాళ్ళు ఇంకెవరి దగ్గరో ఎత్తి రాసినదాన్ని నేను ఎత్తి రాసేవాణ్ణి. తరవాత మా దాంట్లోంచి బందరు వాళ్ళు ఎత్తుకునేవారు. రెండు నెలల తరవాత అదే వార్త మద్రాసు చుట్టి వచ్చి మళ్ళీ మా బల్ల మీద పడితే "చూశారా, అక్కడ కూడా వేశారు" అని మేమే నమ్మేవాళ్ళం.

మా సంపాదకులు పంతులు గారు. పత్రికా, అచ్చుయంత్రమూ, ఇల్లూ అన్నీ ఆయనవే. మనిషి చెడ్డవాడు కాడు. ఆయనకి ఒక్కటే జబ్బు. అచ్చులో పడ్డ మాట అచ్చులో పడినందువల్లే నిజమవుతుందని ఆయన నమ్మకం. ఆయన రాసిన సంపాదకీయాన్ని శనివారం పొద్దున్న పత్రికలో చదువుకుని, "భేష్, ఎవరో బాగా చెప్పారు" అన్నట్టు తల ఊపేవారు.

జ్వరాలకు గుళికలు అమ్మే ఒకాయన ప్రకటన మా ఆఖరి పేజీలో ప్రతివారం పడేది. దాని కింద, ఆ గుళికలు మింగి లేచి కూర్చున్నవారి కృతజ్ఞతా లేఖలు. పిఠాపురం నుంచి ఒక సుబ్బమ్మ గారు, తుని నుంచి ఒక రిటైరైన గుమాస్తా గారు, నరసాపురం నుంచి ఒక వర్తకుడు. ఆ ముగ్గురి దస్తూరీ ఒకటే, అక్షర దోషాలూ ఒకటే. ముగ్గురూ "ఉపశమనము" అన్న మాటని ఒకే రకంగా తప్పు రాసేవారు. నేను ముగ్గురి తప్పునీ దిద్ది వేసేవాణ్ణి. అదే నా సహాయ సంపాదకత్వం.

బతికున్నాయనకి సంతాపం

ఒకసారి కొవ్వూరులో ఒక రిటైర్డు తాసీల్దారు గారు పోయారని కార్డు వచ్చింది. కింద సంతకం లేదు. పంతులు గారు కళ్ళు తుడుచుకుని, "మహానుభావుడయ్యా, ఒక పేరా వెయ్యి" అన్నారు. ఆయన దానశీలం గురించీ, దైవభక్తి గురించీ నాకు తోచింది రాశాను. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

సోమవారం నాడు ఆయనే పడవలో గోదావరి దాటి మా ఆఫీసుకి వచ్చారు. చేతిలో మా పత్రిక. పంతులు గారు లేచి నిలబడిపోయారు. నేను బల్ల కింద దేనికోసమో వెతుకుతున్నట్టు వంగాను.

"ఏంటండి ఇది?" అన్నారు ఆయన.

"పొరపాటండి. ఎవరో గిట్టనివాళ్ళు కార్డు రాశారండి," అన్నారు పంతులు గారు.

"అది కాదండి నేనడిగేది. మొన్న మా పక్కింటి ప్లీడరు పోతే అర పేజీ వేశారు. నాకు ఎనిమిది వరసలా?"

ఆ సాయంత్రం ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తరవాత వారం ఆయన ఆరోగ్యంగా ఉన్నారని అర పేజీ వేశాం. ఆ నవ్వే నన్ను చెడగొట్టిందని ఇప్పుడు అనిపిస్తుంది. తప్పు రాస్తే ఎవరో ఒకరు వచ్చి కోప్పడతారు, కాఫీ ఇచ్చి పంపిస్తాం, అంతకంటే ఏమీ జరగదు అని నేను నేర్చుకున్నాను. చదువుకున్నవాడి గురించి తప్పు రాస్తే అంతే జరుగుతుంది. చదువు రానివాడి గురించి రాస్తే వాడు మన ఆఫీసుకి రాడు. మనం రాసింది వాడి దగ్గరికి వెళ్తుంది.

వినికిడి

అవి గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులు. నది మధ్య ఇటుకలతో పెద్ద బావులు కట్టి, లోపలి ఇసుక తవ్వి తీస్తూ వాటిని అడుక్కి దించేవారు. వాటి మీద స్తంభాలు లేపేవారు. ఊరంతా రేవుకి వెళ్ళి చూసి వచ్చేది. నీళ్ళలో బావి ఎందుకు తవ్వుతారో ఎవరికీ అర్థమయ్యేది కాదు. అడిగి తెలుసుకోవడం కంటే కథ చెప్పుకోవడం సులువు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆవిడ అంది. "ఏమండీ, ఆ వంతెనకి తలలు కావాలంటున్నారటండి. పన్నెండు తలలట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు."

ఆఫీసుకి వెళ్ళేసరికి పంతులు గారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. "సుబ్బరాయుడూ, విన్నావా? వంతెనకి బలులిస్తున్నారటయ్యా. పన్నెండు తలలు. మా అమ్మ చెప్పింది."

మా ఇంట్లో ఒకరు, వాళ్ళింట్లో ఒకరు. ఒకరికొకరు సంబంధం లేని రెండు చోట్ల ఒకే సంఖ్య. ఇంతకంటే రుజువేం కావాలి అనుకున్నాను. ఎక్కడో ఉత్తరాదిన ఒక వంతెన దగ్గర పిల్లల్ని బలిస్తున్నారని జనం హడలిపోయిన సంగతి ఏదో మద్రాసు పత్రికలో చదివినట్టు కూడా గుర్తొచ్చింది. వంతెన పని జరిగేచోటు మా ఆఫీసు నుంచి నడిచి వెళ్ళేంత దూరం. ఎండగా ఉంది. నేను వెళ్ళలేదు. కూర్చుని రాశాను.

"వంతెన స్తంభములు నిలుచుటకై పసిపిల్లల తలలు బలి యిచ్చుచున్నారనియు, ఇంకను పన్నెండు తలలు కావలసి యున్నవనియు వినికిడి. తల్లిదండ్రులు జాగరూకులై యుండవలెను."

మా దగ్గర అక్షరాలు కూర్చే యేసుదాసు మిషను వారి అచ్చుకూటంలో పని నేర్చినవాడు. మాట తక్కువ. సీసపు అక్షరాలు తలకిందులుగా పేర్చి పేర్చి మనుషుల రాతల్ని తలకిందులుగా చూడటం అతనికి అలవాటైపోయింది. కాగితం చదివి నా దగ్గరికి వచ్చాడు.

"దీన్ని ఎవరు చూశారండి?"

"చూశారని రాయలేదయ్యా. వినికిడి అని రాశాను కదా."

"ఆ మాట ఆఖర్న ఉందండి," అన్నాడు యేసుదాసు.

"మన భాషలో ఆఖర్నే ఉంటుంది. ఎక్కడ పెట్టమంటావు?"

అతను వెళ్ళి అక్షరాలు పేర్చాడు. పంతులు గారు దాన్ని మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో వేయించారు. ఆ శనివారం పత్రిక మధ్యాహ్నానికల్లా అయిపోయింది. అంతకుముందు ఎప్పుడూ అలా అయిపోలేదు. పంతులు గారు పొద్దున్నుంచీ కిటికీ దగ్గరే నిలబడి, వీధిలో ఎవరెవరు చదువుకుంటూ వెళ్తున్నారో చూస్తూ గడిపారు.

దొరికిన దొంగ

మంగళవారం పంతులు గారు ఆఫీసులోకి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు.

"మన వార్త నిజమైందయ్యా. ధవళేశ్వరంలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాణ్ణి పట్టుకున్నారట. పిల్లతో సహా దొరికాడట. 'మా పత్రిక హెచ్చరికచే పట్టుబడిన దుర్మార్గుడు' అని శీర్షిక పెట్టు."

"వివరాలేంటండి?"

"నువ్వు వెళ్ళి తే. ఈసారి పేజీన్నర ఉండాలి."

అలా నేను మొదటిసారి ఒక వార్త కోసం కుర్చీలోంచి లేచాను. జట్కాలో ధవళేశ్వరం వెళ్ళాను. దారి పొడుగునా నా మనసులో శీర్షికలే. పోలీసు స్టేషను ముందు ఇంకా కొందరు గుమిగూడి ఉన్నారు. అరుగు మీద ఒక మనిషి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ముఖం వాచిపోయి ఒక కన్ను మూసుకుపోయింది. కుడి మణికట్టు వంకరగా ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కన దుప్పటి మీద నాలుగేళ్ళ పిల్ల పడుకుని ఉంది. ఎగూపిరి పీలుస్తోంది.

హెడ్డు కానిస్టేబులు నన్ను లోపలికి పిలిచి, "మీరేనా ఆ పత్రికవారు?" అని అడిగాడు. ఏదో మెచ్చుకుంటాడనుకుని అవునన్నాను.

"అతని పేరు సత్తెయ్యండి. యానాం వైపు జాలరి. ఆ పిల్ల అతని మేనకోడలు, పేరు నూకాలు. జ్వరం ముదిరితే రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. పిల్ల తల్లి పచ్చి బాలింత, రాలేకపోయింది. కాలవలో పడవలు లాకు దగ్గర ఆగిపోతే, ఆలస్యమవుతుందని పిల్లని దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని నడిచి బయల్దేరాడు. ఇక్కడ సంతలో పిల్ల అమ్మా అని ఏడ్చిందట. 'ఎవరి పిల్లరా ఇది' అని అడిగారు. 'మా అక్క కూతురు' అన్నాడు. పిల్లని అడిగితే జ్వరంలో అదేం చెప్పలేదు. ఇక అందుకున్నారు."

"మరి ఇతనే మేనమామ అని ఎలా తెలిసిందండి?"

"పడవవాడు వచ్చి చెప్పాడండి. కాస్త ముందొస్తే చెయ్యి మిగిలేది. నిన్న మధ్యాహ్నం నుంచీ ఇక్కడే ఉన్నారు. ఈ జనాన్ని దాటించి ఆసుపత్రికి పంపాలంటే నాకు ఇంకో ఇద్దరు జవాన్లు కావాలి. ఇంకా రాలేదు."

నేను వచ్చిన జట్కాలోనే ఇద్దర్నీ ఎక్కించాం. హెడ్డు ముందు కూర్చున్నాడు. నేను వెనక చెక్క పట్టుకుని నిలబడ్డాను. దారిలో సత్తెయ్య ఒక్క మాటే అడిగాడు.

"బాబుగారూ, పత్రికలో రాశారన్నారండి. నా పేరు రాశారా అండి?"

"లేదు," అన్నాను.

"మరి నేనేనని ఆళ్ళకెలా తెలిసిందండి?"

 

పిల్లకి ఆసుపత్రిలో మందు పడింది. వారం రోజులకి తేరుకుంది. సత్తెయ్య చేతికి కట్టు కట్టారు గానీ, ఒక రోజంతా అలా వదిలేసిన ఎముక సరిగా అతకదని డాక్టరు ముందే చెప్పేశారు. వలవేసే చెయ్యి అది.

వంకాయల బుట్ట

మర్నాడు నేను ఆఫీసుకి వెళ్ళలేదు. ఆ వార్త ధవళేశ్వరం ఎలా చేరిందో, అసలు నా దగ్గరికి ఎలా వచ్చిందో వెనక్కి నడిచి చూద్దామని బయల్దేరాను. పత్రికలో చేరిన ఇన్నేళ్ళకి మొదటిసారి నా పని నేను చేశాను.

ముందు ధవళేశ్వరం బడి మాస్టారి దగ్గరికి వెళ్ళాను. శనివారాల్లో మా పత్రిక ఆయన బడి అరుగు మీద నలుగురినీ కూర్చోబెట్టి చదివి వినిపించేవారు. చదువు రానివాళ్ళకి ఆయన గొంతే పత్రిక. ఎలా చదివారో అలా చదివి వినిపించమన్నాను. గొంతు సవరించుకుని చదివారు. "వంతెన స్తంభాలు నిలబడటానికి పసిపిల్లల తలలు బలిస్తున్నారు. ఇంకా పన్నెండు తలలు కావాలి. తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలి."

"వినికిడి అన్న మాట వదిలేశారండి," అన్నాను.

"ఉందా అండి?" అని మళ్ళీ చూశారు. "అదుంటే వాక్యం సాగదండి. బిగువు పోతుంది. అయినా ఏదీ లేకుండా మీరు వేస్తారా?"

ఆయన మీద కోపం వచ్చింది. అక్కణ్ణుంచి నడుస్తూ ఉంటే తగ్గింది. బిగువు కోసం నేను పసిపిల్లల్ని రాయొచ్చు, ఆయన ఒక మాట వదిలేయకూడదా?

ఇంటికి వచ్చి మా ఆవిణ్ణి అడిగాను. అందరూ అంటే ఎవరని. చాలాసేపు ఆలోచించి, "పోలమ్మ అందండి," అంది. పోలమ్మ లంకల్లోంచి కూరగాయలు తెచ్చి ఇల్లిల్లూ తిరిగి అమ్మే మనిషి. పంతులు గారింటికి వెళ్ళి వాళ్ళమ్మ గారిని అడిగాను. ఆవిడా పోలమ్మ పేరే చెప్పారు. ఒకరికొకరు సంబంధం లేదని నేను మురిసిపోయిన రెండు రుజువులూ ఒకే వంకాయల బుట్టలోంచి వచ్చాయి.

పోలమ్మ రేవులో దొరికింది. నేను అడిగేసరికి బెదిరిపోయింది.

"నేనేం అన్నానండి అయ్యగారూ. విన్నదే అన్నానండి. ఆ వంతెన కాడ మేస్త్రీ ఉన్నాడండి, పైదేశపాయన. పొద్దున్నే పడవ దిగుతుంటే అరుస్తున్నాడండి. రేపటికి పన్నెండు తలలు కావాలి, ఎక్కణ్ణుంచి తెస్తారో తెండి అని. ఒళ్ళు జల్లుమందండి."

పక్కనే ఉన్న పనివాళ్ళ పాకల దగ్గరికి వెళ్ళి ఆ మేస్త్రీని పట్టుకున్నాను. ఆయన నా మాట విని ముందు అయోమయంగా చూశాడు. తరవాత పగలబడి నవ్వాడు. బావిలో ఇసుక తవ్వే పనికి కూలీలు చాలడం లేదు. మనుషుల్ని ఆయన తలల లెక్కన చెబుతాడు. పన్నెండు తలలంటే పన్నెండుమంది మనుషులు. మెడల మీద తలలున్నవాళ్ళే.

"దొరికారా?" అని అడిగాను.

"ఎక్కడండి? మీ పత్రికలో వేశాక ఉన్నవాళ్ళలో సగం మంది పారిపోయారు."

తిరిగి వస్తూ పోలమ్మ దగ్గర మళ్ళీ ఆగాను. మేస్త్రీ చెప్పింది చెప్పాను. సిగ్గుపడింది. పొయ్యేముందు ఒక మాట అడిగాను. "మరి పసిపిల్లల తలలని ఎందుకు చెప్పావమ్మా?"

"పిల్లలని నేనన్లేదండి," అంది పోలమ్మ. "తలలన్నానంతే. పిల్లల సంగతి మీ పత్రికలోనే వచ్చిందటండి. అది విన్నాకే మా కోడలు పిల్లల్ని గడప దాటనియ్యట్లేదు."

రేవు మెట్ల మీద కూర్చుండిపోయాను. మా ఆవిడ పిల్లలని అనలేదు. పంతులు గారూ అనలేదు. ఎప్పుడో చదివిన మద్రాసు ముక్కలోంచి పిల్లల్ని తీసుకొచ్చి మా గోదావరిలో దింపింది నేను. మేస్త్రీ తలలన్నాడు, పోలమ్మ తలలంది. సత్తెయ్య భుజం మీది పిల్లని చూసి జనం ఎగబడటానికి కావలసిన ఆ ఒక్క మాటా నా కలంలోంచి వచ్చింది.

చిన్న అక్షరాలు

సవరణ రాసుకుని పంతులు గారి ముందు పెట్టాను. చదివారు. కళ్ళజోడు తీశారు.

"ఇది వేస్తే రేపణ్ణుంచి మనల్ని ఎవడు నమ్ముతాడయ్యా?"

"ఇప్పుడు నమ్మినందుకే కదండి ఒకడి చెయ్యి విరిగింది."

"విరిచింది మనమా? ధవళేశ్వరం వాళ్ళు. మనం జాగ్రత్తగా ఉండమన్నాం, కొట్టమన్నామా?"

ఈ మాట మీరూ వింటారు. ఏ పత్రికలో చేరినా, ఏ ఊళ్ళో చేరినా వింటారు. ఇంత పసందైన వాదన ఇంకోటి లేదు. ఆ రోజు నేను గొప్ప జవాబేమీ చెప్పలేదు. సవరణ వేయకపోతే సోమవారం నుంచి రానని మాత్రం చెప్పాను. నాలుగు పేజీలు ఆయన ఒక్కడే నింపాలన్న సంగతి ఆయనకి తట్టినట్టుంది. సరేనన్నారు.

"ఏ అక్షరాలు వెయ్యమంటారండి?" అని యేసుదాసు అడిగాడు.

"చిన్నవి," అన్నారు పంతులు గారు. "ఆఖరి పేజీలో."

తలనూనె ప్రకటనకీ, ఆత్రేయపురంలో తప్పిపోయిన గేదె ప్రకటనకీ మధ్య మా తప్పు ఒప్పుకోలు పడింది. గేదె అక్షరాలు ఇంకాస్త పెద్దవి. ఆ వారం గేదె గురించి వాకబు చేస్తూ ఇద్దరు మనుషులు ఆఫీసుకి వచ్చారు. సత్తెయ్య గురించి ఒక్కరూ రాలేదు.

సత్తెయ్య ఊళ్ళో

నెలన్నర తరవాత ఆ పత్రిక పట్టుకుని నేను పడవలో సత్తెయ్య ఊరు వెళ్ళాను. పాక ముందు కూర్చుని ఎడంచేత్తో వల బాగుచేసుకుంటున్నాడు. నూకాలు పక్కన ఆడుకుంటోంది. నన్ను చూసి లేచాడు. నేను ఆ వార్త రాసింది నేనేనని చెప్పాను. జట్కాలో ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. సవరణ చదివి వినిపించాను. ఇతను మేనమామ అనీ, వంతెనకి బలులు లేవనీ, మా వార్త అబద్ధమనీ అందులో ఉంది.

సత్తెయ్య అంతా విన్నాడు. తరవాత అన్నాడు.

"ఇదంతా మా ఇంట్లో అందరికీ తెలుసండి. నేను పిల్లల దొంగని కానని నాకు చదివితే ఏంటండి ఉపయోగం?"

"ఎవరికి చదవమంటావు?"

"నన్ను కొట్టినోళ్ళలో మా ఊరోడు ఒకడున్నాడండి. ఎంకన్న. ఆ రోజు ధవళేశ్వరం సంతకొచ్చాడు. నన్నెరుగును. అయినా కొట్టాడు. ఆడికి చదవండి."

ఇద్దరం వెళ్ళాం. ఎంకన్న పడవకి తారు పూస్తున్నాడు. సత్తెయ్యని చూసి తల దించుకున్నాడు గానీ, నన్ను చూసి ఎత్తాడు. సవరణ చదివాను. మేస్త్రీ సంగతీ, తలల సంగతీ, పిల్లలన్న మాట నేనే కలిపానన్న సంగతీ అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"దొరలు బెదిరించారా అండి?" అన్నాడు చివరికి.

"ఏంటి?"

"వంతెన దొరలండి. నిజం రాసినందుకు మీ మీద కేసెట్టుంటారు. అందుకే ఇప్పుడిలా చిన్న అచ్చరాల్లో రాయించారు. మాకు తెలుసులెండి. మీరు మంచోరు. మొదట్లో ధైర్యంగానే రాశారు."

నేను ఎన్ని విధాల చెప్పానో. ఎంత చెబితే అంత జాలిగా చూశాడు. అబద్ధం చెప్పినప్పుడు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగని మనిషి, నిజం చెబుతుంటే దాని వెనక కారణాలు వెతికాడు. సత్తెయ్య పక్కన నిలబడే ఉన్నాడు. వంకరగా అతికిన చెయ్యి చూపించి అన్నాడు.

"నేను దొంగనేనంటావా ఎంకన్నా?"

"నువ్వు కాదురా. నువ్వని తెలీక కొట్టాం. దొంగలు వేరే ఉన్నారు."

సత్తెయ్య నన్ను రేవు దాకా సాగనంపాడు. పడవ ఎక్కేటప్పుడు, "మళ్ళీ రాకండి బాబుగారూ," అన్నాడు. కోపంగా అనలేదు. "మీరొచ్చి వెళ్తే రెండ్రోజులు దీని గురించే మాట్లాడుకుంటారు."

కొత్తగా చేరేవాళ్ళకి

ఆ తరవాత చాలా ఏళ్ళు అదే పత్రికలో ఉన్నాను. మానేసి వెళ్ళిపోయి ఉంటే గొప్పగా ఉండేది. ఇంట్లో నలుగురు తినేవాళ్ళు ఉన్నారు, పైగా నాకు వేరే పని రాదు. ఒక్క అలవాటు మాత్రం మారింది. ఏ సంగతి విన్నా చెప్పినవాణ్ణి "నువ్వు చూశావా, విన్నావా?" అని అడిగేవాణ్ణి. విన్నానంటే ఎవరి దగ్గరని అడిగి, ఆ మనిషి దగ్గరికి నడిచి వెళ్ళేవాణ్ణి. పదింట్లో ఎనిమిది వార్తలు రెండో ఇంటి గుమ్మం దాకా కూడా బతికేవి కావు. పంతులు గారు, నాకు చాదస్తం పట్టిందని అందరికీ చెప్పుకునేవారు. పత్రికలో ఖాళీలు పెరిగాయి. వాటిలో పంచాంగం వేసేవాళ్ళం. దానివల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

పత్రిక చదివేవాళ్ళకి కూడా ఒక మాట. రాసేవాళ్ళం మీకంటే తెలివైనవాళ్ళం కాము. మీకు తెలిసిన పోలమ్మే మాకూ తెలుసు. అచ్చులో ఉన్నదాన్ని నమ్మేముందు, ఇదే మాట కూరగాయలమ్మే మనిషి చెబితే ఎంత నమ్మేవారో అంతే నమ్మండి. ఆవిణ్ణి కనీసం ఎదురు ప్రశ్న అడగొచ్చు. ఒక వార్త చదవగానే ఒళ్ళు జల్లుమన్నా, రక్తం ఉడికినా ఆ పూట ఎవరికీ చెప్పకండి. అలా జల్లుమనాలనే మేం కూర్చుని రాస్తాం.

కిందటేడు నేను ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నాను. పంతులు గారు అప్పటికి పోయారు. పత్రిక ఆయన అల్లుడి చేతికి వచ్చింది. సభ పెట్టి శాలువా కప్పారు. శనివారం పత్రికలో నా గురించి ముప్పావు పేజీ వేశారు. కొవ్వూరు తాసీల్దారు గారు ఉంటే అసూయపడేవారు. అందులో ఒక వాక్యం ఉంది. "ఇన్ని వత్సరముల సేవలో ఒక్క అసత్యమైనను వీరి లేఖిని నుండి వెలువడలేదు."

నేను వెంటనే ఆఫీసుకి వెళ్ళాను. "ఇది తప్పండి. సవరణ వేయండి," అన్నాను.

అల్లుడు గారు నవ్వారు. "మర్యాదకి రాసిందండి సుబ్బరాయుడు గారూ. ఎవరికి నష్టం?"

ఒకరికి నష్టం జరిగింది అని, సత్తెయ్య సంగతి మొదట్నుంచీ చెప్పాను. ఓపిగ్గా విన్నారు. చాలా బాగుందన్నారు. తప్పకుండా వేద్దాం, వచ్చే వారం జాగా చూస్తానన్నారు.

చాలా వారాలు గడిచాయి. జాగా దొరకలేదు. అందుకని సవరణ నేనే రాశాను. మీరు ఇంతసేపూ చదివింది అదే.